తిన్న తర్వాత వేసే గోలీ

నా చిన్నప్పుడు మా చెల్లెను పట్టుకున్న దగ్గు, జ్వరం నెల దాటినా వదల్లేదు. ఆ ఏడు ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల వానల్లేవు. మా బావి ఎండింది. ఇంట్లో వంట ఒక్కపూటే. ఆ మాట బయట పొక్కితే మా అమ్మకు తల కొట్టేసినట్టుండేది. అందుకే పొద్దున్నే ఖాళీ పొయ్యిలో నాలుగు పుల్లలు వేసి పొగ లేపేది, వాడకట్టంతా చూడాలని.

దవాఖానలో నర్సమ్మ పది రోజులకు గోలీలిచ్చి, మూడుపూటలా తిన్న తర్వాత వేయమంది. పది రోజులయ్యాక మళ్లీ పోయాం. పొట్లం విప్పి చూస్తే సగానికి పైగా అట్లాగే ఉన్నాయి.

"పిల్ల పానం మీద గింతన్న ఫికర్ లేదా నీకు?" అని నర్సమ్మ అమ్మ మీద లేచింది.

అమ్మ తల వంచుకుంది. నాకు ఒళ్లు మండింది. చెప్పినట్టే చేసిన మనిషిని తిడతారా?

"తిన్నంక ఎయ్యమంటివి గద నర్సమ్మా. మేం తినేదే ఒక్కపూట. మూడు గోలీలు ఎట్లేస్తది?" అన్నాను.

అమ్మ నా తొడ మెలిపెట్టింది. నర్సమ్మ పొట్లం మడిచి తన బల్ల సొరుగులో పెట్టుకుంది. తర్వాత, అదే తిట్టే గొంతుతో, దవాఖాన అరుగు మీద మధ్యాహ్నం పిల్లలకు జొన్నగట్క పెట్టాలనుకుంటున్నానని, వండే మనిషి దొరకడం లేదని అంది.

"నువ్వు రా అక్కా. పిల్లలను ఎంట తెచ్చుకో. గోలీ నా ముంగటనే ఎయ్యాలె. గిది దవాఖాన రూలు."

అలాంటి రూలు లేదని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. జొన్నలు ఆమే నాలుగిళ్లు తిరిగి అడిగి తెచ్చేదట. అమ్మ మాత్రం వంట మనిషిగా తలెత్తుకుని పోయేది. అరుగు మీద మాలాంటి పిల్లలు ఒక్కొక్కరే చేరారు. కొన్ని వారాలకే చెల్లె నా జుట్టు పట్టుకుని కొట్లాడేంత బలం తెచ్చుకుంది.

ఇప్పుడు నేనూ ఒక దవాఖానలో మందులిచ్చే కిటికీ వెనక కూర్చుంటాను. నోరెక్కువని నాకు పేరు. నిజమే, ఆ నోటితోనే డాక్టర్లతో వాదించి, చీటీలో మందుల కంటే పైన 'ఏం తిన్నారు' అని ఒక గడి పెట్టించాను. అది ఖాళీగా ఉంటే అంగన్‌వాడీ టీచరు ఆ ఇంటికి పోయి చూసి వస్తుంది.

అయినా కొందరు తల్లులు మూడుపూటలా తింటున్నామనే చెబుతారు. అప్పుడు నేను పక్కనున్న పిల్లను చూస్తాను. తల్లి చెయ్యి దాని తొడ మీదికి పోకముందే, "నువ్వు చెప్పు బిడ్డా" అంటాను.