మా నాయన ఎవర్‌గ్రీన్

పెనుకొండలో చదువుకునే ఆ రోజుల్లో, కొత్త ఇంగ్లీషు మాట ఒకటి దొరికితే కొత్త పరికిణీలాగా దాన్ని వీధంతా తిప్పి చూపించి వచ్చేదాన్ని. ఎనిమిదో తరగతిలో అలా నా చేతికి చిక్కింది ‘ఎవర్‌గ్రీన్’. ఎప్పుడూ పచ్చగా ఉండేది అని అయ్యవారు అర్థం చెప్పారు. ఆకు రాల్చని చెట్లుంటాయనీ, అడవులకు అడవులే అలా ఉంటాయనీ అన్నారు. (మా కొండ మీద ఎప్పుడు చూసినా రాళ్ళే కాబట్టి నేను నమ్మలేదు. మాటను మాత్రం ఉంచుకున్నాను.) అవ్వకు చెబితే, "ఎవురు గిరీనా? యా ఊరోడమ్మా వాడు?" అంది.

ఆ ఏడే నాయనకు కామెర్లు వచ్చాయి. అవ్వ నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి తాగించింది, మణికట్టు మీద వాత పెట్టించింది. దేనికీ తగ్గలేదు. పక్క వీధిలో ఒకాయన అదే జబ్బుతో పోయి ఇంకా నెల కాలేదు. హిందూపురంలో మలబారు నుంచి వచ్చిన డాక్టరున్నాడని, తెలుగు రాదుగానీ హస్తవాసి మంచిదని ఎవరో చెప్పారు. "ఇంగిలీసు సదువుతాండావు కదా, నాయనెంబడి నువ్వు పో. జబ్బేందో సరిగ్గా చెప్పకపోతే ఆయప్ప మందు యాడిస్తాడు?" అంది అవ్వ. దాంతో నాయన ప్రాణం వచ్చి నా నాలుక మీద కూర్చుంది. రైల్లో దారి పొడుగునా వాక్యం కట్టుకుంటూనే ఉన్నాను. కామెర్లను ఇంగ్లీషులో ఏమంటారో తెలియదు. తెలిసిందల్లా నాయన పచ్చగా ఉన్నాడని, ఎప్పుడు చూసినా పచ్చగానే ఉన్నాడని. (మనకు ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. ఇంగ్లీషువాళ్ళకు కాదని నాకెవరు చెప్పారు?)

డాక్టరు ముందు చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు, "మై ఫాదర్ ఈజ్ ఎవర్‌గ్రీన్, సార్" అన్నాను.

నాయన వెలుతురు చూడలేక తలగుడ్డ కళ్ళ మీదికి లాక్కుని కూర్చున్నాడు. డాక్టరు ఆయన్ను ఎగాదిగా చూసి పడీ పడీ నవ్వాడు. "ఎవర్‌గ్రీన్? వెరీ గుడ్! దెన్ వై హాస్పిటల్?" అన్నాడు. వాళ్ళ ఊరు, చెట్లు, వాన అంటూ ఇంకేదో చెప్పుకుపోయాడు. నేను చెప్పింది తప్పయిందని, ఇక మందివ్వడని ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే ఆ మాటే మళ్ళీ గట్టిగా అని, నా కింది కనురెప్పను వేలితో లాగి చూపించాను. ఆయన నవ్వు ఆగిపోయింది. లేచి వచ్చి నాయన తలగుడ్డ పైకెత్తి, కన్ను తెరిచి చూశాడు. మళ్ళీ నవ్వలేదు.

ఆసుపత్రిలో చాలా రోజులే ఉంచుకుని పంపించారు. తిరుగు రైల్లో నాయన అడిగాడు: "ఆ పొద్దు ఏమన్నావు పాపా? ఆయప్ప అట్ల నవ్వె!"

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "మా నాయన ఎప్పుడూ వాడిపోడు అని చెప్పినా."

"అట్లనా? అయితే సరిగ్గానే చెప్పినావులే."

అప్పటినుంచి "ఏమప్పా, బాగుండావా?" అని ఎవరడిగినా నాయన జవాబు "ఎవర్‌గ్రీన్!" చెనక్కాయ చేను నిలువునా ఎండిపోయిన ఏడు కూడా అదే జవాబు. ("ఇంగా ఆ గిరీనుగాని పేరే!" అని అవ్వ విసుక్కునేది.) పోయిన చలికాలంలో నేను ధర్మవరం నుంచి ఆఖరిసారి చూడబోయేసరికి ఆయనకు గొంతు లేదు. బాగున్నావా నాయనా అంటే పెదాలు మాత్రం ఆ మాటకే కదిలాయి.

ఇప్పుడు నా పక్కన పుట్టి వారమైనా కాని పసివాడు నిద్రపోతున్నాడు. వాడి కళ్ళు నాకు పచ్చగా కనిపిస్తున్నాయి. దీపం వెలుతురులో అన్నీ అట్లే ఉంటాయంటారు మా ఆయన. చూడవచ్చిన వాళ్ళు "పచ్చగా బతుకు నాయనా" అని దీవిస్తుంటే ఒక్కో దీవెనకూ ఉలిక్కిపడుతున్నాను. తెల్లవారగానే డాక్టరు దగ్గరికి పోవాలి. ఈయన తెలుగాయనే. నేను బి.ఎ. చదివినదాన్నే, జాండిస్ అన్న మాట స్పెల్లింగుతో సహా వచ్చు. అయినా ఇందాకటి నుంచి పెదాలు కదుపుతూ వాక్యం కట్టుకుంటున్నానని తెలిసి, ఆ రైల్లోని పిల్ల మీద నవ్వొచ్చింది. వంగి, వాడి చెవిలో తాతగారి మాట ఒక్కటి వేశాను. ఏ పచ్చ అనుకుంటాడో వాడి ఇష్టం.