రెండో కొస వదిలేసిన మేస్త్రి

మే నెల మధ్యాహ్నాల్లో కర్నూలులో మా ఆఫీసు వరండా రేకులు టక్ టక్ మంటాయి. ఎండకు ఇనుము సాగే చప్పుడది. కొత్తగా వచ్చినవాళ్లు పైన పిల్లి నడుస్తోందనుకుంటారు. నాకు మాత్రం ఖాదర్ భాయ్ గుర్తొస్తారు.

ఆయన ఫాల్స్ సీలింగ్ మేస్త్రి. కడపలో ఒక ఆసుపత్రి కడుతున్నప్పుడు నేను సైట్ ఇంజనీరుగా చేరాను. అదే నా మొదటి ఉద్యోగం. ఎవరేం చెప్పినా పుస్తకంలో ఉందా అని అడిగే రోజులవి. నిప్పును తట్టుకునే ఆ సీలింగుకు ఆయన ఇనుప బద్దలు జోడించే తీరు నాకు అస్సలు నచ్చలేదు. ఒక కొసను గోడ పట్టీకి రివెట్టుతో బిగించేవారు. రెండో కొసను పట్టీ మీద ఊరికే ఆనించి, గోడకు కాస్త సందు వదిలేవారు. "ఇదేం పని భాయ్, ఇంత వదులుగా?" అని అడిగాను. "వదులు కాదు మేడం, అది పోయేకి దోవ" అని నవ్వారు. పని ఎగ్గొట్టడానికి చెప్పే మాటనుకున్నాను.

చెల్లెలి కూతురి నిఖా ఉందని ఆయన రెండు రోజులు రాజంపేట వెళ్లారు. అదే అదనుగా పనివాళ్లతో పై వార్డు మొత్తం రెండో కొసలు కూడా బిగించేయించాను. కింద నిలబడి చూస్తే గీత గీసినట్టుంది. మురిసిపోయి రిజిస్టరులో సంతకం పెట్టేశాను.

తిరిగొచ్చిన ఖాదర్ భాయ్ నిచ్చెనెక్కి, ఒక పలక పక్కకు జరిపి చూసి, మెల్లగా దిగారు.

"ఎవురు బిగించమనింది?"

"నేనే. సంతకం కూడా అయిపోయింది."

"ఎక్కి చూసినావామ్మా?"

"కింద నుంచి బాగానే ఉంది కదా!"

"మంట లేస్తే ఇనుము సాగుతాది. రెండు పక్కలా బిగిస్తే అది యాడికి పోవల్ల? వంకర తిరుగుతాది, పలకలన్నీ రాల్తాయి. ఈడ మంచాల మీద పండుకోనుండేటోళ్లకు లేచి పరిగెత్తేకి అయితాదా?"

మూడు రోజుల్లో ఆసుపత్రి తెరవాలి. నాకు ఒళ్లు మండింది. "ఇంజనీరు మీరా, నేనా?" అనేశాను, పనివాళ్లందరి ముందూ.

ఆయన మళ్లీ నిచ్చెన దగ్గరికి నడిచారు. డ్రిల్లు తీసుకుని ఒక్కో రివెట్టూ ఊడదీయడం మొదలుపెట్టారు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని నిరూపిద్దామని విసవిసా వెళ్లి డ్రాయింగు తెరిచాను. ఆ సందు అందులో బొమ్మతో సహా ఉంది. పుస్తకం, పుస్తకం అని అందరి ప్రాణం తీసిన నేను ఆ పేజీ తిప్పనేలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. రిజిస్టరులో నా సంతకాన్ని అడ్డంగా కొట్టేసి, వెళ్లి ఆయన నిచ్చెన పట్టుకున్నాను. క్షమించమని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

కొన్నేళ్లకు అదే వార్డులో ఏసీ అంటుకుంది. ఆఖరి మంచం తోసుకొచ్చిన నర్సమ్మే నాకు చెప్పింది: వేడికి బద్దలు సాగి కిందికి వంగాయట గానీ వెంటనే పడలేదట. నేను తిన్నగా కర్నూలులో ఖాదర్ భాయ్ ఇంటికి వెళ్లాను. అప్పటికే మోకాళ్ల నొప్పులతో ఆయన పని మానేశారు. సంగతంతా విని, "సీలింగు నిలబడిందామ్మా?" అని అడిగారు.

"లేదు భాయ్, పడిపోయింది. ఆఖరి మంచం బయటికొచ్చాక."

"పడనీలే. మనుషులు బయటికి పోయేదాంక ఆగింది కదా, శానా మేలు చేసింది."

నాకు ఏడుపు ఆగలేదు. "ఆ రోజు మిమ్మల్ని అంత మాట అన్నాను..." అన్నాను.

"ఏమన్నావు?" అన్నారాయన. నిజంగా మరిచిపోయారో, నా కోసం మరిచిపోయినట్టు నటించారో తెలియదు. ఇంకోసారి అడిగే అవకాశమూ లేకపోయింది. ఆ చలికాలంలోనే ఆయన పోయారు.

ఇప్పుడు నేను పైకెక్కి ప్రతి కొసా చూడందే సంతకం పెట్టను. ఫొటో తీసి పంపిస్తాం కదా మేడం అని కుర్ర ఇంజనీర్లు విసుక్కుంటారు. ఒకడైతే మొన్న అందరి ముందూ గొంతు పెంచాడు. సాయంత్రం వచ్చి, "సారీ మేడం, పొద్దున అలా అన్నందుకు" అని నసిగాడు.

"ఏమన్నావు?" అన్నాను.