శీలావతి రేటూ, సలోమి గారూ

ముందే ఒప్పుకుంటున్నాను. గోరంతను కొండంత చేయనిదే నాకు అన్నం అరగదు. మా తాడేపల్లిగూడెంలో చినుకు పడితే, ఏలూరు వచ్చి గోదావరికి గండి పడిందని చెబుతాను. అందుచేత ఇందులో ఎక్కడైనా ఏనుగు కనిపిస్తే దాన్ని ఎలుక కింద జమకట్టుకోండి. సలోమి గారిని మాత్రం తగ్గించుకోకండి. ఆవిడ విషయంలో నా అతిశయోక్తి ఎప్పుడూ చాలలేదు.

మొన్న పొద్దున పాసింజరులో ఏలూరు వస్తున్నాను. భీమడోలు దాటింది. ఎదుటి సీటు పెద్దాయన ఫోను చెవికి ఆనించుకుని, బ్యాంకు నుంచి వచ్చిన రహస్యపు అంకెల్ని ఒక్కొక్కటే గొంతెత్తి చదువుతున్నారు. అవతలివాళ్లకు వినబడలేదేమో, మళ్లీ మొదటి నుంచి చదివారు. బోగీ అంతా భక్తిగా విన్నది. పల్లీలు అమ్మేవాడు కూడా ఆగి విన్నాడు. నాకు మాత్రం ఆ గొంతు వెనకాల ఎక్కడో కిటికీ రెక్క మూసుకున్న చప్పుడు వినబడింది.

సలోమి గారు ఏలూరులో వకీలు. మిషను బడిలో పాఠాలు చెప్పిన తండ్రికి కూతురు. ఇంటర్నెట్టును గంటల లెక్కన అద్దెకు తీసుకునే రోజుల్లో నేను ఆవిడ దగ్గర జూనియర్‌గా చేరాను. క్లయింటు నోరు తెరవబోతున్నాడంటే ఆవిడే లేచి వెళ్లి వీధి వైపు కిటికీ మూసేవారు. మే నెలలో, కరెంటు పోయినప్పుడు కూడా. ఆ గదిలో నేను ఎన్నిసార్లు ఆవిరి కుడుమునయ్యానో! "కొంచెం తెరుద్దామా మేడమ్?" అని అడిగితే, "ఆయన మాట ఆయనదండీ. దాన్ని వీధికి ఇవ్వాలో వద్దో ఆయన చెప్పాలి, మనం కాదు," అనేవారు. నిన్నగాక మొన్న చేరిన నన్నూ అండీ అనే పిలిచేవారు.

నా రాతలంటే ఆవిడకు జాలి. నోటీసులో నేను 'తీరని నష్టం' అని రాస్తే కళ్లజోడు పైకి తోసుకుని, "తీరదని మీకెలా తెలుసండీ? తీర్చడానికి ఇంకా ఎవరూ ప్రయత్నించలేదు కదా," అంటూ కొట్టేసేవారు. కోపంగా కాదు, పిల్లవాడి మూతికి అంటిన మెతుకు తుడిచినట్టు.

అలాంటి రోజుల్లో నాగమణి గారు ఏడుస్తూ వచ్చారు. పాత బస్టాండు దగ్గర ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. టైపు మిషన్లకు కాలం చెల్లాక వాటిని అమ్మేసి, కంప్యూటర్లు కొని నెట్ సెంటర్ పెట్టారు. మండవల్లి నుంచి సుబ్బరాజు గారనే చేపల వ్యాపారి ప్రతి సోమవారం అక్కడికి వచ్చి, కలకత్తా బేరగాళ్లకు తన రేట్లు ఈమెయిల్ చేయించుకునేవారు. కొన్నాళ్లుగా ఆయన రేటు చెప్పిన పూటే పోటీ వ్యాపారులు అంతకు తగ్గించి చెబుతున్నారు. ఆయన సరుకు చెరువుగట్టునే ఆగిపోతోంది. నాగమణి గారు తన పాస్‌వర్డ్ దొంగిలించి, రేట్లు బయట అమ్ముకుంటున్నారని ఆయన పోలీసు కంప్లైంటు ఇచ్చారు. కంప్యూటర్ నేరాల చట్టం అప్పుడప్పుడే వచ్చింది. కొత్త చెప్పులు కొన్నవాళ్లలా, దాన్ని తొడుక్కుని ఎక్కడికి వెళదామా అని అందరూ చూస్తున్నారు.

"రిజల్ట్సు చూసుకునే పిల్లలు కూడా రావడం మానేశారండీ," అన్నారు నాగమణి గారు. "షాపు పోతే పోనివ్వండి. నేను ఎదురుపడితే జనం చేతిసంచీ ఇటు నుంచి అటు మార్చుకుంటున్నారండీ."

సలోమి గారు ఆవిడకు మంచినీళ్లు ఇచ్చి, "ఆయన మెయిలు మీరు ఎలా పంపేవారమ్మా?" అని అడిగారు.

"అందరికీ పంపినట్టేనండీ."

"అంటే?"

నాగమణి గారికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. సలోమి గారు నా వైపు తిరిగి, "వెళ్లి చూడాలండీ," అన్నారు.

సోమవారం సుబ్బరాజు గారినీ, ఎస్సై గారినీ సెంటర్‌కే రప్పించారు. సగం దించిన షట్టర్ కింద నుంచి అందరం వంగి లోపలికి వెళ్లాం. "మామూలుగా ఎలా చేయిస్తారో అలాగే చేయించండి రాజు గారూ. ఏమీ మార్చకండి," అన్నారు సలోమి గారు.

ఆయన కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నారు. అవతలి గట్టు మీది వలవాళ్లను పిలిచి పిలిచి పెరిగిన గొంతది. అది విప్పితే కొల్లేట్లో కొంగలు లేచి ఆకివీడులో వాలతాయి. "రాయమ్మా! శీలావతి, పోయిన వారం మీద కిలోకి రూపాయి తగ్గింపు! బొచ్చె, పాత రేటే! ఇది మనలో మాట, బయటకు పొక్కరాదు!"

నాగమణి గారు అంతా కొట్టి, టైపు ఇన్‌స్టిట్యూట్ అలవాటు కొద్దీ, తప్పులుంటే తెలియాలని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించారు. 'బయటకు పొక్కరాదు' అన్నది మరీ స్పష్టంగా. వెనకాల, వంతు కోసం ఎదురుచూసేవాళ్ల బల్ల మీద ఆ రోజు ఎస్సై గారూ నేనూ కూర్చున్నాం. మిగతా సోమవారాల్లో అక్కడ కూర్చునేది, తమ మెయిళ్ల కోసం వచ్చే తక్కిన చేపల వ్యాపారులు.

"ఎస్సై గారూ, ఈ వారం శీలావతి ఎలా ఉందండీ?" అని అడిగారు సలోమి గారు.

"రూపాయి తగ్గిందిగా అండీ," అనేసి, ఆయన నాలుక కరుచుకున్నారు.

సుబ్బరాజు గారి ముఖం కందిపోయింది. "బాగుందండీ! గట్టిగా మాట్లాడితే నా వ్యాపారం నాది కాకుండా పోద్దేంటండీ?"

"మీదేనండీ. కాదని ఎవరన్నారు? కానీ రహస్యం పోయిందని వచ్చినవాళ్లను చట్టం ముందుగా ఒకటి అడుగుతుంది. దాన్ని కాపాడుకోవడానికి మీరేం చేశారు అని. చెప్పండి, ఏం చేశారు?"

సుబ్బరాజు గారు కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు.

"పొక్కరాదని చెప్పానుగా అండీ," అన్నారు.

ఎస్సై గారు దగ్గు నటిస్తూ బయటకు వెళ్లారు. మధ్యాహ్నానికల్లా రాజు గారు కంప్లైంటు వెనక్కి తీసుకున్నారు. కారెక్కబోతూ సుబ్బరాజు గారు ఆగి, "పొరపాటైంది, ఆవిడ పేరు పాడు చేశాను," అన్నారు. ఆ మాట తెలిశాక నాగమణి గారు కళ్లు తుడుచుకుని, వెళ్లి షట్టర్ పూర్తిగా పైకి లేపారు. ఆ చప్పుడుకు బస్టాండులో సగం జనం ఇటు తిరిగారు. తిరగాలనే అంత గట్టిగా లేపారనుకుంటాను.

సలోమి గారు పోయి కొన్నేళ్లయింది. చట్టంలో ఆవిడ నేర్పినవి చాలావరకు మారిపోయాయి, సెక్షన్లతో సహా. మారనిది ఒకటి నా దగ్గర ఉండిపోయింది. దాన్ని చెప్పాలంటే నా కల్పన ఏదో ఇక్కడ ఒప్పుకోక తప్పదు. సుబ్బరాజు గారు కారెక్కబోతూ ఏమీ అనలేదు. తలుపు వేసుకుని వెళ్లిపోయారు. మేము లోపలికి తిరిగి వచ్చేసరికి నాగమణి గారు కంప్యూటర్ ముందు తల వంచుకుని ఉన్నారు. "ఏమైనా అన్నారా అండీ?" అని అడిగారు. నేను ఫైలు పట్టుకుని నేల చూపులు చూస్తున్నాను. సలోమి గారు కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకుంటూ, "పొరపాటైందన్నారమ్మా. మీ పేరు పాడు చేశానని బాధపడ్డారు," అన్నారు.

ఆవిడ అబద్ధమాడగా నేను విన్నది అదొక్కటే. అప్పటి నుంచి ఎవరడిగినా ఆయన అన్నారనే చెబుతూ వస్తున్నాను. నాగమణి గారూ, ఇది మీ కంటబడితే ఈ చివరి మాటలు నమ్మకండి. ఆయన అన్నారు.