ఏడు సూత్‌ల పంతం

అరవై నాలుగేళ్ల ఆడమనిషి కారు నడిపితే మెదక్ పట్నానికి ఏం నొప్పో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా ఆవిడ రిటైరయిన టీచరు. ఊరూరా బడులకు పోవడానికి బస్సుల కోసం నిలబడి నిలబడి మోకాళ్లు అరగ్గొట్టుకుంది. పింఛను మొదలైన ఏడాది స్టీరింగు పట్టింది. నేర్పింది నేనే. నేను బడిలో చదివింది ఐదో తరగతి వరకే. మిగతాదంతా రైస్ మిల్లు ఇంజను పక్కన కూర్చుని, చేతికి దొరికిన పుస్తకమల్లా చదివి నేర్చుకున్నాను. ఆమె మొదటిసారి కారు తీసిన రోజు వీధిలో ఎవరు ఏమన్నారో, ఏ గడప మీద నిలబడి అన్నారో కూడా నాకు గుర్తుంది. పేర్లు చెప్పను. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు మా కారులోనే దవాఖానకు వస్తున్నారు.

ఒక్క మనిషి మాత్రం నమ్మలేదు. నర్సాపూర్‌లో ఉండే ఆమె సొంత అక్క. పోయిన చలికాలంలో ఫోనులో ఇద్దరూ పోట్లాడుకున్నారు.

"నువ్వు కారు నడుపుతవానే? మరిది నడుపుతుంటే నువ్వు పక్కన కూసుంటవు, గంతే."

"ఐతారం నేనే నడుపుకుంట వస్త. నిన్ను ఎక్కించుకొని ఏడుపాయల అమ్మవారి గుడికి తోల్కపోత. తయారై కూసో."

ఆ మాట అన్నది సోమవారం. బుధవారం బ్రేకు పెడలు మెత్తబడి కిందికి దిగిపోయింది. బానెట్ ఎత్తి చూస్తే మాస్టర్ సిలిండర్ కారుతోంది. కాలితో పెడలు తొక్కితే ఒక గొట్టంలో పిస్టన్ ముందుకు కదిలి నాలుగు చక్రాలకూ ఆయిలును తోస్తుంది; ఆ గొట్టమే మాస్టర్ సిలిండర్. మాది ఇరవై ఏళ్ల నాటిది, పైనున్న సైజు అంకె తుప్పులో కలిసిపోయింది. విప్పి లోపలి వెడల్పు కొలిచి ఉంటే ఈ కథే లేదు. నాకు తెలియనిదా అనుకుని కొలవకుండానే దుకాణానికి పోయాను.

దుకాణదారు నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. "బండి ఎవలు నడుపుతరు పెద్దాయనా?" అని అడిగాడు.

"మా ఆవిడ."

"అమ్మ నడుపుతదా! గట్లయితే ఆరు సూత్‌దే తీస్కపోండ్రి. అమ్మలకు గదే మంచిగుంటది."

సూత్ అంటే ఇంచులో ఎనిమిదో వంతు. ఆయన ఆరు అన్నాడు సరే, "అమ్మలకు" అన్నాడు చూడండి, అక్కడ నా ఒళ్లు మండింది.

"అంటే మొగోళ్లకు పెద్దది, ఆడోళ్లకు చిన్నదా? ఏడు సూత్‌దే ఇయ్యి."

"గది గట్టిగైతది పెద్దాయనా, జర ఇనుండ్రి..."

"నువ్వు పుట్టకముందుకెల్లి ఇంజన్లు ఇప్పుతున్న. ఇయ్యి!"

ఇచ్చాడు. "డబ్బ మాత్రం చింపకుండ్రి, పడకపోతే మార్సుకుందురు" అన్నాడు. ఆయన చూస్తుండగానే మెట్టు మీద నిలబడి చింపాను.

నా లెక్క నాకుంది. గొట్టం పెద్దదైతే ఆయిలు ఎక్కువ పోతుంది, ఆయిలు ఎక్కువైతే బలం ఎక్కువ. ఆమె మోకాలికి లేని బలం బండికే ఉండనీ అనుకున్నాను. గురువారం సాయంత్రం బిగించేశాను. బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడానికి నేను చక్రం దగ్గర పడుకుంటే ఆమె సీట్లో కూర్చుంది.

"తొక్కు."

"తొక్కిన."

"పట్టు."

"పట్టిన."

"ఇడువు."

"ఇన్నేండ్లు పిల్లలకు నేను డ్రిల్లు చెప్పిన, గిప్పుడు నాకే చెప్పవట్టినవు" అని నవ్వింది. మళ్లీ తొక్కి, "రాయి లెక్క ఉన్నదయ్యా" అంది.

"రాయి లెక్క ఉంటెనే బ్రేకు" అన్నాను గొప్పగా.

శుక్రవారం పొద్దున వీధి చివర మేకలు అడ్డం వచ్చాయి. బండి నెమ్మదిగానే పోతోంది. ఆమె తొక్కింది, ఆగలేదు. రెండు కాళ్లూ పెట్టి సీట్లోంచి లేచి నిలబడితే ఆగింది. చివరి మేక బంపరును వాసన చూసి మరీ పోయింది. మేకలాయన "ఏం కాలే టీచరమ్మా, మీరు పోండ్రి" అన్నాడు. ఆమె పోలేదు. తాళం తీసి నా చేతిలో పెట్టింది.

"నా మోకాలుతోని కాదయ్యా. ఐతారం బస్సుల పోదాం. అక్క అన్నదే నిజమైంది."

వీధంతా అన్న మాటలు ఒక ఎత్తు, ఆమె నోట వచ్చిన ఆ ఒక్క మాట ఒక ఎత్తు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఆమె మాత్రం శనివారం పొద్దున్నే అక్క కోసం మురుకుల పిండి కలిపింది. చెయ్యి నొప్పిగా ఉందని నన్ను ఒత్తమంది. మా ఇంట్లో రెండు మురుకుల గొట్టాలున్నాయి, ఒకటి లావుపాటి ఇత్తడిది, ఒకటి సన్నది. రెండింటి బిళ్లలకూ చిల్లులు ఒక్క తీరే. నా అలవాటు కొద్దీ పెద్దది పట్టుకున్నాను. అరచేతులు ఎర్రబడ్డాయి గాని పిండి బయటికి రాదు.

"గది మీ అమ్మ ఒత్తేది, ఆమెవి పొలం పని చేసిన చేతులు. సన్నది పట్టు. జర దూరం ఎక్కువ ఒత్తాలె గని చెయ్యి నొయ్యది."

సన్నదాన్ని ఒత్తాను. వెన్నలా జారింది. నూనె మూకుడు ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయాను. చిల్లులు అవే, పిండి అదే, బలం తక్కువ చాలు!

"ఏమైందయ్యా, మురుకు మాడుతున్నది!"

"మాడనీ! ఆరారులు ముప్పై ఆరు. ఏడేడులు నలభై తొమ్మిది!"

నేను వెడల్పు చూశాను గాని వైశాల్యం చూడలేదు. అదే బ్రేకు పడాలంటే ఆరు సూత్‌ల మీద ముప్పై ఆరు పాళ్లు తొక్కే కాలు ఏడు సూత్‌ల మీద నలభై తొమ్మిది పాళ్లు తొక్కాలి. అరిగిన మోకాలి మీద పదమూడు పాళ్లు అదనంగా వేసింది సాక్షాత్తూ నేనే. మూల పడేసిన పాత సిలిండర్‌ను అప్పుడు కొలిచాను. ఆరు సూత్‌లే. ఇంకా నయం, బుద్ధి వచ్చిన రోజు శనివారం, ఆదివారం కాదు.

వేడి మురుకులు కాగితంలో కట్టుకుని దుకాణానికి పోయాను. ఆరు సూత్‌ల డబ్బా అరలో కాదు, గల్లా మీదే పెట్టి ఉంది.

"మొన్నటి సంది గీడనే పెట్టిన. అస్తరని ఎర్కనే" అన్నాడు దుకాణదారు.

"మోకాళ్ల నొప్పోళ్లకు మంచిగుంటదని చెప్పొద్దా? అమ్మలకని ఎందుకన్నవు?"

"మా అమ్మకు మోకాళ్ల నొప్పులు పెద్దాయనా. నాకు నోట్లె గదే మాట ఉంటది." మురుకు విరిచి నోట్లో వేసుకున్నాడు. "మస్తున్నయ్. గీసారి డబ్బ ఇంట్ల చింపుండ్రి."

ఆ సాయంత్రమే మార్చాను. మళ్లీ "తొక్కు, పట్టు, ఇడువు." పెడలు కాస్త లోపలికి పోతోంది గాని, పూర్తిగా తొక్కినా నేలకు నాలుగు వేళ్ల సందు మిగిలింది. వీధిలో పదిసార్లు తిప్పించి పదిసార్లు ఆపించాను. పదకొండోసారి ఆమె నన్ను దిగమని, ఒక్కతే పోయి వచ్చింది. తాళం నాకు తిరిగివ్వలేదు.

ఆదివారం నర్సాపూర్‌లో ఇంటి గేటు దగ్గర కారు ఆగితే, అక్క మొదట స్టీరింగు వెనక చూసింది, తర్వాత పక్క సీటు చూసింది. పక్క సీటు ఖాళీ. నేను వెనక కూర్చున్నాను.

"వామ్మో, నిజమేనానే!" అంటూ చీర సర్దుకుని ముందు ఎక్కింది.

ఏడుపాయల దగ్గర దారి కిందికి దిగేచోట జనం, ఆటోలు. ఉన్నట్టుండి ఒకాయన మేకపోతును లాక్కుంటూ ముందుకొచ్చాడు. మా ఆవిడ ఒక్క కాలితో, మాట కూడా ఆపకుండా తొక్కింది. బండి ఒదిగి ఆగింది. మేకపోతు దాని దారిన అది పోయింది.

అక్క వెనక్కి తిరిగి నా కాళ్లకేసి చూసి పగలబడి నవ్వింది. నా కుడికాలు ముందు సీటు కింద రేకును అదిమిపెట్టి ఉంది.

"మరిదీ, గాడ బ్రేకు లేదయ్యా!"

"ఆయనకు రెండు మురుకులియ్యక్కా" అంది మా ఆవిడ గేరు మారుస్తూ. "కాలు ఊకుంటది."