చచ్చిపోయాక నవ్వాలి

మొన్న ఆదివారం నేను పప్పులో తిరగమోత వేస్తుంటే హాల్లోంచి మావారు కేకేశారు. "ఇదిగో, త్వరగా రా! మీ మామయ్య చచ్చిపోతున్నారు!" పొయ్యి కట్టేసి పరిగెత్తాను. టీవీలో మామయ్య మిలటరీ దుస్తుల్లో బురదలో బోర్లా పడి ఉన్నారు. కొత్తవాళ్లెవరైనా వింటే హడలిపోతారు గాని, ఆ సినిమా వేసినప్పుడల్లా తాడేపల్లిగూడెంలోని మా ఇంట్లో ఇది మామూలే. మామయ్య నిజంగా పోయి చాలా ఏళ్లయింది.

మామయ్యంటే మా అమ్మకి తమ్ముడు. మీరూ ఆయన్ని తెరమీద చూసే ఉంటారు, చూసి నవ్వే ఉంటారు. సినిమాల్లోకి వెళ్లకముందు ఆయన సిపాయి. సరిహద్దులో నిజం యుద్ధమే చేశారు. ఆ ఊసెత్తితే మాత్రం తుండుగుడ్డ భుజాన వేసుకుని వీధిలోకి వెళ్లిపోయేవారు. అయితే మిలటరీ ఆయన నడుములో ఉండిపోయింది. బిచ్చగాడి వేషమిచ్చినా అటెన్షన్‌లో నిలబడేవారట. "కాస్త వంగండి బాబూ, మీరు అడుక్కోవాలి" అని డైరెక్టరు బతిమాలుకునేవాడట. ఆ నిటారుతనానికే జనం పడీపడీ నవ్వారు, ఆయనకి పేరొచ్చింది. పెదపాడులో మా అమ్మమ్మకి ఆ పేరుతో పనిలేదు. కొడుకు యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చాడు, ఆవిడకదే చాలు.

ఆయన సిపాయి వేషం వేసింది ఒక్కసారే. షూటింగు మా కొల్లేట్లోనే. ఏలూరు కాలేజీలో చదువుతున్న నేను క్లాసులు ఎగ్గొట్టి, పులిహోర క్యారేజీ పట్టుకున్న అమ్మమ్మతో కలిసి దోనె ఎక్కాను. చుట్టుపక్కల లంకల జనమంతా గట్టు మీదే ఉన్నారు. కిక్కిస గడ్డి మధ్య మందుగుండు పేలింది, పొగ లేచింది, మామయ్య పడిపోయారు. అమ్మమ్మ గోళ్లు నా చేతిలో దిగబడ్డాయి.

సినిమావాళ్లకో ఆచారం ఉంది. చచ్చినట్టు నటించినవాళ్లు ఆ వెంటనే లేచి కెమెరా వంక చూసి నవ్వాలి. లేకపోతే అరిష్టం. మామయ్య లేచి కూర్చున్నారు గాని నవ్వలేదు. "ఒక్కసారి నవ్వండి సార్, ఫిలిం అయిపోతోందండీ" అంటున్నాడు అసిస్టెంటు. రాష్ట్రాన్నంతా నవ్వించిన మనిషికి నవ్వు రావడంలేదు.

పక్కనున్నవాళ్లు ఆ ఆచారం సంగతి అమ్మమ్మ చెవిన వేశారు. ఇంక ఆవిడ ఆగుతుందా! కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బురదలోకి దిగింది. వెనకాలే నేను.

"నవ్వరా నాన్నా. నీకు దణ్ణం పెడతాను."

"నా పక్కనున్నవాడు ఇలాగే పడిపోయాడమ్మా" అన్నారు మామయ్య మెల్లగా. "వాడింక లేవలేదు. నేనెలా నవ్వనమ్మా?"

అమ్మమ్మ ఆ బురదలోనే ఆయన పక్కన చతికిలబడింది. "ఆ అబ్బాయికి తల్లి ఉందా?"

"ఉంది."

"లేచి నవ్వరా అని కొడుకుని అడిగే రాత ఆ తల్లికి లేకపోయింది. నాకుంది. అడుగుతున్నాను, నవ్వు."

మామయ్య నవ్వారు. ఏ సినిమాలోనూ అలా నవ్వలేదాయన. నవ్వుతూ నవ్వుతూనే తల్లి ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. నాకూ ఏడుపు ఆగలేదు. ఆ మధ్యాహ్నం గట్టు మీద పులిహోర తింటూ, మొట్టమొదటిసారి ఆ స్నేహితుడి కబుర్లు చెప్పారు. వాడి కూనిరాగాలు, వాడి గురక, వాడి తిండిపోతుతనం. చెబుతూ మళ్లీ నవ్వారు. ఈసారి ఎవరూ అడగలేదు.

అన్నిటినీ కాలమే మాన్పుతుందంటారు. అన్నేళ్లూ కాలానికి చేతకాని పనిని మా అమ్మమ్మ కొల్లేటి బురదలో కూర్చుని చేసింది.