కుడివైపు గజ్జెలు

మా అక్కతో కలిసి నడవడమంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంట. కొండాపూర్‌లో మా గల్లీ దాటి పెద్ద రోడ్డెక్కగానే నా భుజం పట్టుకుని తన కుడిపక్కకు లాక్కునేది. రోడ్డుకు ఎడమ అంచున నడుస్తాం కదా, కుడిపక్క అంటే బండ్లు పోయే పక్క. ఎవరింట్లోనైనా పెద్దపిల్ల చిన్నదాన్ని గోడవైపు నడిపిస్తుంది. మా ఇంట్లో మాత్రం ఆఫీసు బస్సులూ బైక్ ట్యాక్సీలూ రాసుకుంటూ పోయే వైపు నన్ను పెట్టి, తను గోడవారన దర్జాగా నడిచేది. నన్ను ఏ బస్సో కొట్టేస్తే నా వాటా అన్నం కూడా నీకే కదా అని దెప్పేదాన్ని. ఒక్కోసారి నవ్వేది. ఒక్కోసారి అసలు విననట్టే ఉండేది.

సీటు దగ్గరా అదే పేచీ. బస్సెక్కితే ఎడమవైపు సీటే కావాలి, కిటికీ తనకే కావాలి. మెట్రోలో కూర్చున్నా నాకు ఎడమపక్కకే చేరేది. చుట్టాల్లో ఆమెకు పొగరుబోతు అని పేరు. పిలిస్తే పలకదు, మాట్లాడుతుంటే మొహం తిప్పుకుంటుంది అని మా మేనత్త పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకునేది. నేనూ అంతే అనుకున్నాను. ఇంటికి పెద్దది, గారాబం ఎక్కువైంది అనుకున్నాను.

మా అమ్మ మాదాపూర్‌లో ఒక ఆఫీసు టవర్‌లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. నాన్న ఆఫీసు బస్సు నడుపుతాడు. పాలమూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ కిరాయి గదిలో స్థిరపడ్డారు. అక్క డిగ్రీ అవగానే కస్టమర్ కేర్ ఉద్యోగంలో చేరింది. పొద్దంతా ఫోన్లు. ఎవరి సిమ్ము పనిచేయకపోయినా, ఎవరి బిల్లు తప్పుగా వచ్చినా తిట్లు తినడం ఆమె పని. ఆమె గొంతు మాత్రం అద్భుతం. తిట్టడానికి ఫోన్ చేసినవాళ్ళు చివరకు థ్యాంక్స్ చెప్పి పెట్టేసేవాళ్ళట. ఆ సంగతి అమ్మ తన టవర్‌లో కనపడిన ప్రతివాళ్ళకూ చెప్పేది. చీపురు పట్టిన ఇంట్లో మైకు పట్టిన మొదటి మనిషి మా అక్క.

నా కాలేజీ ఊరికి ఆ చివర, నాగోలు దాటాక ఉండేది. పొద్దున్న ఇద్దరం కలిసే బయల్దేరేవాళ్ళం. హైటెక్ సిటీ స్టేషన్ దగ్గరే అయినా, మొదటి స్టేషన్‌లో అయితే సీటు దొరుకుతుందని షేర్ ఆటోలో రాయదుర్గం పోయి ఎక్కేవాళ్ళం. అక్క మాదాపూర్‌లో దిగేది. అంతవరకూ ఒకే తీగ ఇయర్‌ఫోన్లు ఇద్దరికీ. కుడిది ఆమెకు, ఎడమది నాకు. తీగ పొట్టిది కాబట్టి తలలు ఆనించుకుని కూర్చోవలసిందే. ఎదుటివాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకునేవాళ్ళు.

రోజూ ఒకే పాట. అమ్మకు ఇష్టమైన పాత సినిమా పాట. చరణం ఎత్తుకునే ముందు అక్క కళ్ళు మూసుకుని నా మోకాలి మీద వేళ్ళతో తాళం వేసేది. గజ్జెలు ఎంత బాగున్నాయో చూడు అనేది. నాకు ఏ గజ్జెలూ వినిపించేవి కావు. ఆ పాటలో గజ్జెలెక్కడివే, నీకు లేనిపోనివన్నీ వినిపిస్తాయి అనేదాన్ని. నీవి చెవులు కావు, చిల్లులు అనేది. ఆమె దిగిపోగానే పాట ఆపేసి పాఠాలు పెట్టుకునేదాన్ని. ఆ పాట ఒక్కదాన్నే వినాలని ఎప్పుడూ అనిపించలేదు. అది అక్క ఉన్నప్పటిది, అంతే.

కాలేజీ చివరి సంవత్సరంలో ఆ తీగ లోపల ఎక్కడో తెగింది. మెలిపెట్టి పట్టుకుంటే తప్ప మోగేది కాదు. కొత్తవి కొనాల్సి వచ్చేసరికి నేను పెద్ద పరిశోధనే మొదలుపెట్టాను. తల మీదుగా పెట్టుకునే పెద్దవైతే మెట్రో రొద వినపడదు, చెవి నొప్పి పుట్టదు, మడిచి బ్యాగులో వేసుకోవచ్చు, ఒకసారి చార్జింగ్ పెడితే రోజుల తరబడి వస్తుంది. కానీ బైక్ ట్యాక్సీ ఎక్కితే హెల్మెట్ కింద పట్టవు. మెడపట్టీ ఉండే నెక్‌బ్యాండ్‌లు చవక, ఎక్కడా పడిపోవు, కానీ క్లాసులో మెడలో తాడేసుకున్నట్టు ఉంటుంది. చెవిలో పెట్టుకునే చిన్న బడ్స్ అందంగా ఉంటాయి గానీ, అమీర్‌పేట జనంలో ఒకటి జారిపడితే ఇక గోవిందా. నా మనసు పెద్దవాటి మీద పడింది. అక్క మొదటి నుంచీ అడ్డుపుల్లే. అవి ఒక్కరి నెత్తికే సరిపోతాయి, మనమిద్దరం ఎట్లా వినాలి అని ఒకటే గొడవ.

చివరికి ఒక సాయంత్రం నేనే బలవంతాన కొండాపూర్‌లో ఒక మొబైల్ షాపుకు లాక్కుపోయాను. షాపు పెద్దమనిషి గాజు బల్ల మీద అందరూ పెట్టి చూసుకోవడానికి ఉంచిన పెద్ద హెడ్‌ఫోన్లు తీసిచ్చాడు. నచ్చితే నీ మనసే మారుతుంది అని ముందు అక్క తలకే తగిలించాను. షాపాయన ఫోనులోంచి ఏదో పాట మొదలైంది. అక్క తల ఊపింది. ఎలా ఉందని సైగ చేశాను.

"మంచిగుంది," అంది. "రెండు దిక్కుల సాఫ్ ఇనొస్తుంది."

తీసి నేను పెట్టుకున్నాను. కుడివైపు పాట వస్తోంది. ఎడమవైపు చడీచప్పుడూ లేదు. సరిగ్గా పెట్టుకోలేదేమో అని సర్దుకున్నాను. ఏమీ లేదు. షాపాయనకు చెప్పాను. ఆయన తాపీగా, ఆ పీసుది ఎడమది పోయి చాలా రోజులైంది, కొత్తది తీసి చూపిస్తా అని నిచ్చెన ఎక్కాడు.

నేను అక్క వైపు తిరిగాను. ఆమె గోడకు వేలాడుతున్న మెడపట్టీలను చూస్తోంది. మామూలుగా మొహమాటానికి బాగుందని అనే మనిషి కాదు ఆమె. కూరలో ఉప్పు రవ్వంత తగ్గినా కంచం జరిపేస్తుంది. రెండు దిక్కులా అని ఎందుకంది? తర్వాత చూస్తామని చెప్పి అక్కను బయటికి తీసుకొచ్చేశాను.

రోడ్డు మీద అలవాటుగా నన్ను కుడికి లాగింది. నేను వెనకగా తిరిగి ఆమెకు ఎడమపక్కకు వెళ్ళాను. గోడకూ ఆమెకూ మధ్య నడుస్తూ, చున్నీ నేల మీద ఈడ్చుకుపోతోంది చూసుకో అన్నాను. చూసుకోలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. చున్నీ అలాగే దుమ్ములో వస్తూనే ఉంది. నాలుగడుగులు పోయాక, కుడిపక్కన నేను లేనని గమనించి గాభరాగా వెతికింది. ఇటు తిరిగి నన్ను చూసింది. నా మొహం చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

పునుగుల బండి పక్కన నిలబడి అప్పుడు చెప్పింది. ఊళ్ళో ఉండగా, చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చి తగ్గాయి. అప్పటి నుంచి ఎడమ చెవి వినపడదు. అందరికీ ఒక చెవే వినిపిస్తుందని చాలాకాలం అనుకుందట. అలా కాదని తెలిశాక సిగ్గేసిందట. ఆఫీసులో ఇచ్చే హెడ్‌సెట్‌కు ఒకవైపే స్పీకరు ఉంటుంది. దాన్ని కుడి చెవికి పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది?

ఇన్నేళ్ళు ఒకే మంచం మీద పడుకున్నాం, నాకైనా ఎందుకు చెప్పలేదు అని అడిగాను.

"చెప్తె ఏమైతుండె?" అంది. "చెవిటిదానికి ఫోన్ల కొలువు ఎవడిస్తడు? అమ్మకు చెప్పకు. జర నన్నిట్లనే ఉండనియ్యి."

ఆ పునుగులు ఎలా మింగానో నాకు గుర్తులేదు. కోపం మాత్రం గుర్తుంది. పొగరుబోతు అన్న మేనత్త మీద, కంట్లో నలుసు పడ్డా కనిపెట్టే మా అమ్మ మీద, అందరి మీదా కోపం.

ఆమెను ఒప్పించి చెవి దవాఖానకు తీసుకుపోయేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అక్కడ అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతిలో ఒక మీట ఇచ్చారు. చప్పుడు వినిపించినప్పుడల్లా నొక్కాలి. నేను అద్దానికి ఇవతల నిలబడి ఆమె బొటనవేలినే చూస్తున్నాను. ఎడమ చెవి పరీక్షిస్తున్నంతసేపూ ఆ వేలు కదల్లేదు. కుడి చెవికి మారాక కదిలింది. హమ్మయ్య అనుకునేలోపే మళ్ళీ చాలాసేపు ఆగిపోయింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, తలవంచి, ఎక్కడినుంచో రావలసిన చప్పుడు కోసం ఒళ్ళంతా బిగబట్టి కూర్చుంది. ఏదో ఒకటి నొక్కెయ్యవే అని నా ప్రాణం కొట్టుకుంది.

కుడి చెవి కూడా తగ్గుతోందని డాక్టరమ్మ చెప్పింది. ఉన్నది అదొక్కటే, రోజంతా హెడ్‌సెట్ పెట్టుకుని దాన్ని అరగదీసుకోవద్దని, ఫోన్ల పని మానేస్తే మంచిదని చెప్పింది. ఇది ఎప్పటిదాకా ఉంటుందని అక్క అడిగింది. డాక్టరమ్మ మళ్ళీ ఎప్పుడు వచ్చి చూపించుకోవాలో చీటీ మీద రాసిచ్చింది.

అక్క ఆఫీసులో ఫోన్లకు బదులు చాట్‌లో జవాబులు రాసే పని ఇమ్మని అడిగింది. ఇంగ్లీషులో టైపు చేయించి చూసి కాదన్నారు. వదిలెయ్యమని నేను రోజూ పోరు పెట్టేదాన్ని. నీ చదువు అయిపోనియ్యి అనేది ఒకటే మాట. ఆ చెవిని కాపాడుకోవాలని నేను, ఆ చెవితోనే ఇల్లు గట్టెక్కించాలని ఆమె. ఇద్దరం ఒకరి కోసం ఒకరం కొట్లాడుకున్నాం. ఆమే గెలిచింది.

నేను పెద్ద హెడ్‌ఫోన్లు కొనలేదు. చిన్న బడ్స్ కొన్నాను. డబ్బా తెరిచి కుడిది ఆమె అరచేతిలో పెట్టేదాన్ని. డాక్టరమ్మ మాట గుర్తుచేస్తూ పాట సౌండు తగ్గించేదాన్ని. తగ్గించిన దాన్ని ఆమె పెంచేది. తీగ లేదు కాబట్టి తలలు ఆనించాల్సిన పని లేకపోయినా, అలాగే కూర్చునేవాళ్ళం.

నాకు గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చాక కొద్ది రోజులకే ఆమె ఉద్యోగం పోయింది. ఫోన్లలో ఒకే మాట మళ్ళీమళ్ళీ అడుగుతోందని, రికార్డింగులు విని తీసేశారు. అమ్మకు అప్పుడు తెలిసింది. ఏడ్చి ఏడ్చి, గవదబిళ్ళలకు పసుపు పట్టువేసిన తన చేతుల్నే తిట్టుకుంది. ఇప్పుడు అక్క ఆన్‌లైన్ ఆర్డర్లు సంచుల్లో సర్దే గోదాములో పనిచేస్తుంది. అక్కడ అన్నీ తెర మీద చూసి చేసే పనులే. కుడి చెవికి వినికిడి మిషన్ పెట్టించాం. దాంతో మాటలు కొంత తెలుస్తాయి. పాటలు మాత్రం రేకు మీద గీకినట్టు వస్తాయని, పాట వినేటప్పుడు దాన్ని పెట్టుకోదు.

మొన్నొక ఆదివారం ఆ మిషన్‌ను చూపించడానికి అమీర్‌పేట బయల్దేరాం. పాత అలవాటు కొద్దీ రాయదుర్గం పోయి ఎక్కాం. నాకు ఎడమపక్కన కూర్చుంది. నేను బడ్స్ తీసి కుడిది ఇచ్చాను. మిషన్ తీసి పర్సులో పెట్టుకుని, దాన్ని చెవిలో పెట్టుకుంది. మా పాట పెట్టాను. సౌండు ఆమే పెంచింది. చివరిదాకా పెంచింది. తర్వాత మెల్లగా తీసి నా కుడి చెవిలో పెట్టింది.

"రెండూ నువ్వే పెట్టుకో," అంది. "నాకు వస్తలేదు."

తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో తనకు తెలియడం లేదు. మెట్రో పెట్టెలో సగం మంది తలెత్తి చూశారు. నేను కళ్ళు దించుకున్నాను. ఆమె నా ఫోను తెరమీదకు వంగి, పాట ఎంతవరకు వచ్చిందో చూపే గీతను వేలితో అనుసరిస్తోంది. ఒకచోట వేలు ఆగింది. రెండో చేయి నా మోకాలి మీద తాళం మొదలుపెట్టింది.

"ఇగ చూడు, గజ్జెలొస్తయి," అంది.

వచ్చాయి. నా కుడి చెవిలో మాత్రమే, ఆమె వేళ్ళు పడుతున్న చోటే, ఒక్కటి కూడా తప్పకుండా.