స్టార్టర్ మీది సూది

మా పొలం బోధన్ వైపు, కరెంటు తీగకు చిట్టచివర. అదే తీగ మీద మాకంటే ముందు పెద్దబాపు పొలం. నన్ను కన్న బాపుకు సొంత అన్న ఆయన. ఆయన బోరుకు పెద్ద మోటారు, మాకు చిన్నది. ఆయనది నడుస్తున్నంతసేపూ మాది మూలిగి మూలిగి ఆగిపోయేది. ఎండాకాలం. మా చెరుకు మోకాలెత్తు కూడా కాలేదు. ఆ ఏడు మా ఇల్లు గడవాలంటే ఆ చెరుకే దిక్కు.

లైన్‌మన్ వచ్చి చూశాడు. మోటారులో నీళ్లు తోడే కరెంటు ఒకటి, ఏ పనీ చేయకుండా ఊరికే వచ్చిపోయే కరెంటు ఇంకొకటి ఉంటాయట. రెండింటి బరువూ తీగ మీదే. బోరు దగ్గర కెపాసిటర్ డబ్బా పెడితే ఊరికే తిరిగేది అక్కడికక్కడే తిరుగుతుంది, చివరివాళ్లకు వోల్టేజీ అందుతుంది. బాపు ఆ రోజే తెచ్చి మా మోటారుకు పెట్టించాడు. కొంచెం నయమనిపించింది, అంతే. బరువంతా పెద్ద మోటారుదే కదా.

లైన్‌మన్ వాళ్లు పెద్దబాపు బోరుకూ ఒక డబ్బా పెట్టారు. మర్నాడే ఆయన దాని తీగలు పీకేశాడు. అడగడానికి బాపు వెళ్తే నేనూ వెంట వెళ్లాను.

"డబ్బా పెట్టంగనే స్టార్టర్ మీద కరెంటెంతో సూపే సూది కిందికి దిగిందిరా. నా మోటర్ బలం నీ దిక్కు గుంజుకుంటున్నవా?" అన్నాడు పెద్దబాపు.

 నాకు ఒళ్లు మండింది.

"మా చెరుకు ఎండుతుంది పెద్దబాపూ. ఒక్కసారి వచ్చి సూడు" అన్నాను.

"పెద్దోళ్ల నడుమ నీకేం పని బిడ్డా" అని ఆయన పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

చివరికి వాళ్లిద్దరినీ కన్న అవ్వ కదిలింది. పెద్దబాపు బోరు దగ్గర చతికిలబడి మోటారు వేయించింది. పైపు నీళ్లు ఎగిరి పడేచోట గుర్తుకు ఒక రాయి పెట్టించింది. తర్వాత ఆయనతోనే డబ్బా తగిలించి మళ్లీ వేయించింది. సూది దిగింది. నీళ్లు మాత్రం ఆ రాయి మీదే పడ్డాయి.

"సూది దిక్కు సూస్తవేందిరా, నీళ్లు సూడు. చెరుకు సూదిని తాగుతదా?" అంది అవ్వ.

పెద్దబాపు ఆ రాయి వంక చూస్తూ నిలబడ్డాడు. డబ్బా ఊడదీయలేదు.

ఆ పూట మా మోటారు మూలగకుండా ఎత్తుకుంది. పైపు నిండా నీళ్లు. బాపు ముఖంలో ఆ సంతోషం చూసి నాకు ఏడుపొచ్చింది. కానీ చేను వెనక సగంలో మొక్క పట్టుకుంటే చేతికి ఊడివస్తోంది.

మర్నాడు పెద్దబాపు మా చేలోకి వచ్చాడు. ఎండిన మొక్కనొకదాన్ని పీకి, వేళ్లు చూసి వెళ్లాడు. సాయంత్రం బండి నిండా చెరుకు గడలు తెచ్చాడు. ముందే నాటుకున్న తన చేలోంచి నరికినవి.

"విత్తనానికి పెట్టుకో" అన్నాడు బాపుతో.

బాపు వెంటనే వెళ్లి గడలు దించడానికి చేయి వేశాడు. నేను గట్టు మీదే నిలబడ్డాను. ఒక్కసారి వచ్చి చూడమన్నప్పుడే వచ్చి ఉంటే ఆ గడలు ఆయన చేలోనే ఉండేవి, మా చెరుకు మా చేలో ఉండేది.